చింటూకి ఇంకా ఉండాలనిపించిందా? ఒక పెంపుడు కుక్క మరణం, ఇద్దరు యానిమల్ కమ్యూనికేటర్లు, ఒక కౌన్సెలింగ్ కేసు

ఈ కేసు నా దగ్గరికి పంపింది ఒక పశువైద్యుడు. "మేడమ్, ఆవిడ కుక్క పోయి నాలుగు నెలలు దాటింది. ఇప్పటికీ క్లినిక్‌కి వచ్చి కూర్చుంటున్నారు. 'వాడికి ఇంకా బతకాలని ఉందా బాబూ' అని అడుగుతారు. నేను బ్లడ్ రిపోర్టులు తీసి చూపిస్తాను. తల ఊపి వెళ్ళిపోతారు. వారం తిరక్కుండా మళ్ళీ వస్తారు" అన్నారు ఫోన్‌లో. ఆయన గొంతులో విసుగు లేదు, టెన్షన్ ఉంది. కుక్కకి ఆఖరి ఇంజెక్షన్ చేసింది ఆయనే మరి.

క్లయింటు, ఆమె భర్త ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆమెను టీచరు గారు అంటాను, కుక్కను చింటూ అంటాను.

నేపథ్యం

టీచరు గారికి అరవై దాటాయి. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. భర్త ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. గోదావరి గట్టుకి దగ్గర్లో సొంతిల్లు. ఒక్కడే కొడుకు, డాలస్‌లో ఉద్యోగం. పదమూడేళ్ళ క్రితం ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో ఆ అబ్బాయే వానలో తడుస్తున్న వీధికుక్క పిల్లని చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. తర్వాత అబ్బాయి అమెరికా వెళ్ళాడు, చింటూ వీళ్ళకి మిగిలాడు. "అబ్బాయి విమానం ఎక్కిన రాత్రి నాతో పాటు అన్నం మానేసింది వాడొక్కడే" అని ఆమె అన్నప్పుడు భర్త పక్కనే ఉన్నారు. ఆయన ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయారు.

చివరి ఏడాది చింటూకి కిడ్నీ జబ్బు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో 7 దాటింది. కుక్కల్లో 5 దాటితే నాలుగో దశ, అంటే చివరి దశ. చర్మం కింద సెలైన్ ఇంట్లోనే ఎక్కించేవారు. బాటిల్‌ని కిటికీ ఊచకి తగిలించడం భర్త పని, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆమె పని. వాంతులు, నోట్లో పుళ్ళు, యూరియా వాసన. ఇక నయం కాదని డాక్టరు చెప్పాక, బాధ లేకుండా పంపడానికి ఇంజెక్షన్ చేయించారు. కాగితం మీద సంతకం పెట్టింది టీచరు గారే. భర్త ఆ గదిలో ఉండలేక బయటికి వెళ్ళిపోయారు. పెరట్లో సపోటా చెట్టు కింద పాతిపెట్టారు.

ఆ తర్వాత చుట్టుపక్కలవాళ్ళు అన్న మాటలు ఎవరైనా ఊహించగలరు. "మనిషి పోయినట్టు ఏంటండీ ఇది", "ఇంకోటి తెచ్చుకోండి." ఇలా నలుగురూ దుఃఖంగా ఒప్పుకోని దుఃఖం గురించి కెనెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లోనే వివరంగా రాశాడు. సెలవు దొరకదు, పరామర్శకి ఎవరూ రారు, మైల ఉండదు, పదో రోజు ఉండదు. ఏడుపుకి గడువంటూ లేకపోతే అది ఎక్కడ ఆగాలో దానికీ తెలియదు.

ఫొటో పంపితే వచ్చిన మాటలు

అమ్మ పరిస్థితి చూసి కొడుకు ఒక యానిమల్ కమ్యూనికేటర్‌ని వెతికి పెట్టాడు. పద్ధతి ఇదీ. కుక్క ఫొటో, పేరు, వయసు పంపాలి. ఒక ఫారం నింపాలి. కమ్యూనికేటర్ ధ్యానంలో కూర్చుని ఆ జంతువుతో మనసుతో మాట్లాడి, వీడియో కాల్‌లో ఆ కబురు చెప్తుంది. బతికున్నవాటితో ఎలా మాట్లాడతారో పోయినవాటితోనూ అలాగే మాట్లాడతామంటారు. గంటకి రూ. 2,500.

మొదటావిడ చెప్పినవి టీచరు గారు నోట్‌బుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. చింటూ ఇప్పుడు తేలిగ్గా ఉన్నాడు. నీళ్ళ దగ్గరున్న ఒక చోటంటే వాడికి ఇష్టం. వెనక కాళ్ళ నొప్పి పోయింది. ఇంద్రధనుస్సు వంతెన దగ్గర ఎదురుచూస్తున్నాడు. "ఇంద్రధనుస్సు వంతెన ఏంటి మేడమ్? వైతరణి విన్నాను గానీ" అని నన్నే అడిగారు. అది ఇంగ్లీషు దేశాల పెంపుడు జంతువుల యజమానుల్లో బాగా వ్యాపించిన ఊహ అని చెప్పాను. వంతెన సంగతి అర్థం కాకపోయినా ఆ కాల్ తర్వాత ఆమె కొన్నాళ్ళు నిద్రపోయారు. ఈ మాట రాయకపోతే నేను నిజాయితీగా కేసు రాసినట్టు కాదు.

చిక్కు రెండో ఆవిడతో వచ్చింది. మొదటావిడ అపాయింట్‌మెంట్ దొరక్కపోతే కొడుకు ఇంకొకరిని చూశాడు. ఈవిడ చెప్పిన మాట: "వాడికి అప్పుడే వెళ్ళాలని లేదు. మీ కోసం ఒప్పుకున్నాడు. తెల్లటి పిల్లగా మళ్ళీ మీ దగ్గరికే వస్తాడు." అక్కడి నుంచి టీచరు గారికి తిండి సయించలేదు. కూరగాయలకి వెళ్తే తెల్ల కుక్కపిల్ల కనబడ్డ చోటల్లా ఆగి కళ్ళలోకి చూసేవారు. ఒకసారి ఎవరో పెంచుకుంటున్న పొమరేనియన్ పిల్లని పట్టుకుని కూర్చుండిపోతే భర్త వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది. డాక్టరు క్లినిక్‌కి తిరగడం కూడా ఆ వారం నుంచే మొదలైంది.

నా పరిశీలన

తెల్లవారుజామున టైల్స్ మీద గోళ్ళ చప్పుడు వినిపిస్తుందని, ఒకట్రెండు సార్లు గుమ్మం దగ్గర తోక కనబడిందని ఆమె చాలా సంకోచంగా చెప్పారు. భర్త భయమల్లా అదే: "దీనికి మతి పోతోందా అండీ?" కాదని వాళ్ళకి చెప్పే ముందు చూడాల్సినవి చూశాను. వేరే గొంతులు వినబడటం, ఎవరో వెంటాడుతున్నారన్న భావన, జ్ఞాపకశక్తి తగ్గడం లేవు. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడిగాను. లేదన్నారు. థైరాయిడ్, వినికిడి పరీక్షలు చేయించాం. అవి బాగానే ఉన్నాయి. డిప్రెషన్ కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 14 వచ్చింది, అంటే మధ్యస్థ స్థాయి డిప్రెషన్ లక్షణాలు.

గోళ్ళ చప్పుడు విషయంలో ఇద్దరికీ ఒక సంగతి చెప్పాను. వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి మాట్లాడి 1971లో ఫలితాలు ప్రచురించాడు. వాళ్ళలో దాదాపు సగం మందికి పోయినవాళ్ళు కనబడటమో, వినబడటమో, పక్కనే ఉన్నట్టు అనిపించడమో జరిగింది. చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. అదొక జబ్బని ఆయన అనలేదు. టీచరు గారు ఊపిరి పీల్చుకున్నారు. విచిత్రమేమిటంటే అంతకంటే పెద్దగా ఊపిరి పీల్చుకున్నది భర్త. వీధి గేటు గడియ చప్పుడైతే చింటూ మొరుగు తనకీ వినబడుతోందని అప్పుడు బయటపెట్టారు.

ఇక డయాగ్నోసిస్. దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో ఉంది. 2022లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిస్టుల మాన్యువల్ డీఎస్ఎమ్-5-టీఆర్‌లోనూ చేరింది. కానీ రెండింటిలోనూ నిర్వచనం దగ్గరి మనిషి మరణం చుట్టూనే రాశారు. కుక్క లెక్కలోకి రాదు. ఫైలులో ఏం రాయాలన్నది పక్కన పెడితే, ఆమెకి కావాల్సింది లేబుల్ కాదని మొదటి రోజే అర్థమైంది.

కమ్యూనికేటర్ల మాట నిజమా అబద్ధమా

భర్త నన్ను తీర్పు చెప్పమన్నారు. "మోసం అని మీరొక్క మాట చెప్పండి మేడమ్, వింటుంది." నేను చెప్పలేదు. అలాగని నాకు అభిప్రాయం లేదనుకోవద్దు. పోయిన జంతువు ఫొటో నుంచి కబురు వస్తుందనడానికి నేను నమ్మదగిన ఆధారం చూడలేదు. కొడుకు నింపిన ఫారంలో జబ్బు, ఊరు, నది అన్నీ ఉన్నాయి. పదమూడేళ్ళ కుక్కకి వెనక కాళ్ళ నొప్పి లేకపోతే ఆశ్చర్యపడాలి. కానీ మోసం అన్న మాట కూడా అంత తేలిగ్గా అనేది కాదు.

బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫాన్ ఆస్టెన్ అనే రిటైర్డ్ లెక్కల మాస్టారికి హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1904లో ఒక కమిషన్ వేసి చూస్తే ఏ మోసమూ దొరకలేదు. తర్వాత ఆస్కర్ ఫుంగ్స్ట్ ఓపిగ్గా పరీక్షించి 1907లో తేల్చాడు: సరైన అంకె రాగానే అడిగినవాళ్ళు తమకే తెలియకుండా తల రవ్వంత కదిలిస్తున్నారు, గుర్రం దాన్ని చూసి ఆగుతోంది. అడిగినవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. మాస్టారు ప్రదర్శనకి పైసా తీసుకోలేదు, మనస్ఫూర్తిగా నమ్మాడు. మనస్ఫూర్తిగా నమ్మి తప్పు చెప్పేవాళ్ళు ఉంటారు, కమ్యూనికేటర్లలో కొందరు అలాంటివాళ్ళేనని నా ఉద్దేశం.

హాన్స్ కథలో నాకు పనికొచ్చిన భాగం వేరే ఉంది. లెక్కలు రాకపోయినా ఆ గుర్రం మనిషిని చదివింది. కుక్కలు ఇంకా బాగా చదువుతాయి. రికో అనే బోర్డర్ కోలీ జాతి కుక్కకి 200కి పైగా వస్తువుల పేర్లు తెలుసని 2004లో జర్మన్ పరిశోధకులు చూపించారు. కుక్క, యజమాని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆప్యాయతతో ముడిపడ్డ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని 2015లో జపాన్ బృందం ప్రచురించింది. భర్త స్కూటర్ సందు మలుపు తిరక్క ముందే చింటూ గేటు దగ్గరుండేవాడని ఇద్దరూ అన్నారు. ఇంగ్లండ్‌లో జేటీ అనే టెర్రియర్ కుక్క గురించి ఇలాంటి వాదనే 1990లలో పెద్ద చర్చ అయింది. అది టెలిపతీ, అంటే మనసు నుంచి మనసుకి అందే కబురు అని రూపర్ట్ షెల్డ్రేక్ అనే బ్రిటిష్ రచయిత అన్నాడు. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం పరీక్షించి, కుక్క కిటికీ దగ్గరికి వెళ్ళడానికీ యజమాని బయల్దేరిన సమయానికీ సంబంధం కనబడలేదంది. షెల్డ్రేక్ ఒప్పుకోలేదు. మన సందులో చింటూ సంగతి తేల్చాల్సిన అవసరం నాకు రాలేదు. వాడు వీళ్ళని చదివేవాడు, వీళ్ళూ వాడిని చదివేవాళ్ళు, దాని మీద ఎవరికీ అనుమానం లేదు. ఆ రెండో సగం మీదే నా పని నడిచింది.

ఎవరిని అడగాల్సిన ప్రశ్న ఎవరిని అడుగుతున్నాం

చింటూని అడగాలనుకున్నవన్నీ రాసుకురమ్మన్నాను. రెండు పేజీలు నింపారు. ఒక్కో ప్రశ్న పక్కన, దీనికి జవాబు చెప్పగలవాళ్ళు ఎవరో రాయమన్నాను. "నొప్పి ఎంతుండేది?" పక్కన డాక్టరు అని రాశారు. "ఆయన గదిలోంచి ఎందుకు వెళ్ళిపోయారు?" పక్కన చాలాసేపు పెన్ను పట్టుకుని, ఆయన అని రాశారు. అది అసలు చింటూని అడిగే ప్రశ్నే కాదని ఆమెకే నవ్వొచ్చింది. చివర్లో ఒక ప్రశ్న ఉంది, దాన్ని కొట్టేసి మళ్ళీ రాశారు: "నన్నెందుకు అలా చూశావు?"

దాని గురించి అడిగితే అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది చెప్పారు. డాక్టరు స్టెతస్కోప్ తీసి "అయిపోయిందమ్మా" అన్న తర్వాత చింటూ ఒక్కసారి పెద్దగా ఊపిరి తీశాడు. నోరు తెరిచాడు. కాలు కదిలింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆమె మీదే ఉన్నాయి. "లేవబోయాడు మేడమ్. నన్ను పిలిచాడు. నేను డాక్టరు గారికి చెప్పకుండా ఊరుకున్నాను." రెండో కమ్యూనికేటర్ చెప్పిన మాట సరిగ్గా వచ్చి ఈ పుండు మీద పడింది. డాక్టరు చూపించే రిపోర్టుల్లో దీనికి జవాబు ఎక్కడుంటుంది?

తర్వాతి వారం డాక్టరు గారిని నా గదికే రమ్మన్నాను. క్లినిక్‌లో ఆ బల్ల, ఆ స్పిరిట్ వాసన వద్దనుకున్నాను. ఆమె అడగలేకపోతే నేనే అడిగాను. ఆయన ముందుకి వంగి, తొందర లేకుండా చెప్పారు. ముందు మత్తు ఇచ్చారు, దాంతోనే చింటూకి స్పృహ పోయింది. రెండో మందుతో మెదడు పని ఆగింది, గుండె ఆగింది. ఆ తర్వాత కూడా కొన్ని నిమిషాల పాటు ఊపిరి కండరాలు ఒకటి రెండు సార్లు గట్టిగా ముడుచుకోవచ్చు. కాళ్ళు అదరొచ్చు. మూత్రం పోవచ్చు. కనురెప్ప మూయాలంటే కండరం పని చేయాలి, అది పట్టు వదిలేస్తే కన్ను తెరిచే ఉండిపోతుంది. "అమ్మా, అప్పుడు వాడు చూడట్లేదు. చూడ్డానికి వాడు లేడు. ఇది మీకు ముందే చెప్పుంటే బాగుండేది" అన్నారు. టీచరు గారు ఆ రోజు ఏడ్చినంతగా నా గదిలో మళ్ళీ ఏడవలేదు. భర్త వెళ్ళి మంచినీళ్ళ సీసా తెచ్చి, మూత తీసి, చేతికిచ్చారు. ఇన్నాళ్ళలో ఆమె చేతికి ఆయన ఏదైనా ఇవ్వడం నేను చూసింది అప్పుడే.

అయినా "వాడికి వెళ్ళాలని లేదు" అన్న మాట ఇంకా మిగిలింది. దానికి డాక్టరు గారే ఒక ఫారం వాడదామన్నారు. క్యాన్సర్ వచ్చిన పెంపుడు జంతువుల కోసం అమెరికన్ పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో తయారుచేసిన జీవన నాణ్యత కొలత అది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువా కాదా, ఈ ఏడింటికి ఒక్కోదానికి 10 మార్కులు. మొత్తం 70లో 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని అర్థం. చింటూ చివరి వారాన్ని గుర్తు చేసుకుంటూ టీచరు గారే మార్కులు వేశారు. ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దిన చేయి, ఊరికే మార్కులు కలపదు. ఆకలి దగ్గర 1 వేసి ఆగారు. "పెరుగన్నం ముద్ద నోటి దగ్గర పెడితే తల అటు తిప్పుకున్నాడు. బలవంతంగా పెదవికి రాస్తే నాకలేదు. ఎప్పుడూ నా మంచం పక్కన పడుకునేవాడు, ఆ వారం బాత్రూమ్ వెనక చీకట్లోకి వెళ్ళి పడుకున్నాడు." మొత్తం 12 వచ్చింది.

"మరి వాడేం చెప్పాడంటారు?" అని అడిగాను.

"చాలన్నాడు. నేను విన్నాను కూడా. వినబట్టే కదా సంతకం పెట్టాను."

ఈ కేసులో నేను చెప్పదలచుకున్నది ఇదే. పోయాక ఫొటో ద్వారా తెప్పించుకోవాలనుకున్న జవాబు, చింటూ బతికుండగానే తన ఒంటితో ఇచ్చేశాడు. ఆఖరి క్షణంలో శరీరం చేసిన కదలిక ఆ జవాబు మీద పడి దాన్ని కప్పేసింది.

జడభరతుడు, అరుణాచలం

భర్తకి ఇంకో అభ్యంతరం ఉండేది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆయన భాగవతం విన్న మనిషి. "జింకపిల్ల మీద మమకారంతో భరతుడంతటివాడు జింకై పుట్టాడు. నువ్వూ అలాగే అవుతావు" అని ఇంట్లో అనేవారు. ఆవిడ తెలుగు టీచరు, ఊరుకుంటారా? "ధర్మరాజు కుక్క లేకపోతే స్వర్గమే వద్దన్నాడు. అదీ భారతంలోనే ఉంది" అనేవారు. ఇలా పురాణాల మీద పురాణాలు వేసుకుంటూ అసలు విషయం ఇద్దరూ దాటేసేవారు.

ఆ ముడి విప్పింది నేను కాదు. ఇద్దరూ కలిసి గిరి ప్రదక్షిణకి తిరువణ్ణామలై వెళ్ళిన సంగతి మాటల్లో వచ్చింది. రమణాశ్రమంలో ఆవు లక్ష్మి సమాధి ఉంది. 1926లో దూడగా వచ్చిన ఆ ఆవు 1948 జూన్ 18న పోయింది. ఆఖరి ఘడియల్లో రమణ మహర్షి పక్కన కూర్చుని దాని మీద చేయి వేసి ఉన్నారు. అది ముక్తి పొందిందని ఆయనే పద్యం రాశారు. పక్కనే జింకకీ, కాకికీ, జాకీ అనే కుక్కకీ సమాధులున్నాయి. "జాకీ సమాధి దగ్గర మీరు దణ్ణం పెట్టారు కదండీ" అన్నారు టీచరు గారు. భర్త కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సపోటా చెట్టు కింద ఒక రాయి పెడదాంలే" అన్నారు. గదిలోంచి ఎందుకు వెళ్ళిపోయారన్న ప్రశ్న ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక ఆవిడ ఆయన్నే అడిగారట. ఏం చెప్పారో నేను అడగలేదు.

చింటూతో మాట్లాడటం మానమని ఆమెకి నేను ఎప్పుడూ చెప్పలేదు. పోయినవాళ్ళతో బంధం తెంచుకుంటేనే మనిషి కోలుకుంటాడన్న పాత అభిప్రాయాన్ని 1996 నాటికే డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. ఉత్తరం రాయమన్నాను, జవాబు కూడా చింటూ తరఫున ఆమెనే రాయమన్నాను. క్షమించాను, ఎదురుచూస్తున్నాను లాంటివి వస్తాయనుకున్నాను. వచ్చింది ఇది: "అన్నం వేడిగా ఉంది, ఊదిపెట్టు. ఆయన బిస్కెట్లు దాచిన డబ్బా నాకు తెలుసు." కమ్యూనికేటర్లు ఇద్దరూ చెప్పిన చింటూ కంటే ఈ చింటూ నాకు బాగా నచ్చాడు. వాడి స్వభావం ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

కమ్యూనికేటర్ల విషయంలో ఒక ఒప్పందం చేసుకున్నాం. నిషేధం లేదు. కాల్ చేయాలనిపిస్తే ముందు ప్రశ్న రాయాలి, దానికి జవాబు చెప్పగల బతికున్న మనిషి ఉంటే ముందు వాళ్ళని అడగాలి. మిగిలిన ప్రశ్నతో వెళ్ళొచ్చు. చావుకి ఎవరు కారణం, మళ్ళీ ఎక్కడ పుడతాడు అనే రెండు మాత్రం ఎవరి దగ్గరా అడగకూడదు. ఇంకా తేరుకోని మనిషిని ఆ రెండూ ఎటు లాగుతాయో తెల్ల కుక్కపిల్లల విషయంలో చూశాం. ఆమె మళ్ళీ కాల్ చేయలేదు.

కేసు ముగిసేనాటికి

పీహెచ్‌క్యూ-9 స్కోరు 5కి దిగింది. క్లినిక్‌కి వెళ్ళడం ఆగింది. గోళ్ళ చప్పుడు అప్పుడప్పుడు వస్తూనే ఉంది, దాని గురించి భయం లేదు. ఏడాది తిరిగిన రోజున, పితృకార్యంలో కాకికి పెట్టినట్టే, వీధిలో కుక్కలకి ముద్దలు పెట్టారు. ముద్దలు కలిపింది ఆమె, తీసుకెళ్ళింది ఆయన. కొత్త కుక్క ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పశువైద్యుడు గారు ఇప్పుడు సంతకం తీసుకునే ముందే యజమానులకి చివరి ఊపిరి, కండరాల అదురు, తెరిచి ఉండే కళ్ళ గురించి చెప్తున్నారు. ఆ నాలుగు వాక్యాలు తెలుగులో ఒక కాగితం మీద అచ్చు వేయించారు. పెంపుడు జంతువు పోయి నా దగ్గరికి వచ్చేవాళ్ళని ఇప్పుడు నేను మొదట అడిగేది కూడా అదే: ఆఖర్న మీరేం చూశారు?

తేలనిది ఒకటి ఉంది. కొడుకు. చింటూని తెచ్చింది అతను, ఆఖరి చూపుకి రాలేకపోయింది అతను, కమ్యూనికేటర్లకి డబ్బు కట్టింది అతను. వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడాను. అమ్మ బాగుందా అని మూడు రకాలుగా అడిగాడు, తన గురించి అడిగితే మీటింగ్ ఉందన్నాడు. డాలస్‌లోనే పెంపుడు జంతువుల దుఃఖానికి కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్ళని వెతుక్కోమని, నాతోనే అయితే రాత్రి తొమ్మిది తర్వాత కుదురుతుందని మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.